కడబంతిలో పరలోకం

పరలోకం అన్న మాటలోనే మనకొక చిక్కు ఉంది. 'పర' అంటే అవతలిది. బైబిలు రాసిన భాషల్లో ఆ అవతల అన్న భావం మాటలో లేదు. హీబ్రూలో షామయిం, గ్రీకులో ఊరనొస్. మబ్బులు తేలే ఆకాశానికీ, దేవుడుండే చోటుకీ అదే మాట. తెలుగు బైబిలు సందర్భాన్ని బట్టి దాన్ని రెండుగా విడదీసింది: ఆదికాండము మొదటి వచనంలో "భూమ్యాకాశములు", ప్రభువు ప్రార్థనలో "పరలోకమందున్న మా తండ్రీ". అనువాదకులను తప్పుపట్టలేం, రెండిటికీ సరిపోయే మాట తెలుగులో లేదు. కానీ దాంతో పరలోకం మన నోట ఎక్కువగా వినిపించేది సమాధుల తోటలోనూ జ్ఞాపకార్థ కూడికలోనూ అయిపోయింది. "పరలోక పిలుపు అందుకున్నారు" అని ఫ్లెక్సీ మీద అచ్చువేయిస్తాం. మిగతా రోజుల్లో దానితో మనకు పెద్దగా పనుండదు.

ప్రకటన గ్రంథం 21వ అధ్యాయం చదివితే ప్రయాణం అటు నుంచి ఇటు. పరిశుద్ధ పట్టణం దేవుని యొద్దనుండి దిగి వస్తుంది. "ఇదిగో దేవుని నివాసము మనుష్యులతో కూడ ఉన్నది" అన్న స్వరం వినిపిస్తుంది. మనం పైకెక్కి పోయే దృశ్యం ఆ అధ్యాయంలో లేదు. ప్రభువు నేర్పిన ప్రార్థనా ఇదే అడుగుతుంది: నీ చిత్తము పరలోకమందు నెరవేరుచున్నట్లు భూమియందును నెరవేరును గాక.

"మన పౌరస్థితి పరలోకమునందున్నది" అని ఫిలిప్పీయులకు పౌలు రాసిన మాటను చాలామంది 'ఇక్కడ మనం అద్దెకున్నాం, ఎప్పుడైనా ఖాళీ చేసి పోతాం' అన్న అర్థంలో చెబుతారు. ఫిలిప్పీ వాళ్లకు అది అలా వినిపించి ఉండదు. క్రీ.పూ. 42లో ఆ ఊరి దగ్గర జరిగిన యుద్ధం తర్వాత రోము తన పాత సైనికులకు అక్కడ భూములిచ్చి స్థిరపరచింది. వాళ్లు రోము పౌరులు. అయితే రోముకు తిరిగి వెళ్లిపోవడం వాళ్ల పని కాదు. ఉన్న చోట రోము చట్టం, రోము పద్ధతి నిలబెట్టడం వాళ్ల పని. పరలోక పౌరుడన్నా అంతే. అక్కడి పద్ధతి ఇక్కడ నడపాలి.

ఆ పద్ధతి ఏమిటో ఎక్కడ చూడాలి? నన్నడిగితే భోజనం దగ్గర. యెషయా 25లో దేవుడు సమస్త జనములకు విందు చేస్తాడు. యేసు కూడా కొన్ని ఉపమానాల్లో రాజ్యాన్ని పెళ్లివిందుతో, గొప్పవిందుతో పోలుస్తాడు. "దేవుని రాజ్యము భోజనమును పానమును కాదు" అని రోమీయులకు 14:17 ఎత్తి చూపేవాళ్లుంటారు. ఆ అధ్యాయం మొత్తం చదవాలి. తినే దాని వల్ల తోటి విశ్వాసిని నొప్పించవద్దని పౌలు చెబుతున్న చోటది. అక్కడా ఆయన మాట్లాడుతున్నది బంతిలో పక్కవాడి గురించే.

పౌలు ఉత్తరం రాసిన కొరింథు సంఘంలో ఏం చెడిందో చూస్తే మన ప్రేమవిందుల్లో, అంటే ఆరాధన తర్వాత సంఘమంతా కలిసి తినే భోజనాల్లో, ఏం చెడుతుందో తెలుస్తుంది. అప్పట్లో సంఘం ఎవరో ఒక ఉన్నవాడి ఇంట్లో కూడేది. రోమా పద్ధతి భోజనశాలలో మూడు మంచాలు, మంచానికి ముగ్గురు, అంటే మామూలుగా తొమ్మిది మందికే చోటు. మిగతావాళ్లు బయట నడవాలో సర్దుకోవాలి. పొద్దస్తమానం పనిచేసే బానిసలు, కూలీలు వచ్చేసరికి ఆలస్యం. లోపలివాళ్లు ఇంటి యజమాని సాటివారే, తీరిక ఉన్నవారే. అందుకే పౌలు కోపం: "ఒకడు ఆకలిగొనును మరియొకడు మత్తుడవును." దానికి ఆయన చెప్పిన మందు చాలా చిన్నది: ఒకనికొరకు ఒకడు కనిపెట్టుకొనియుండుడి. ఆగండి, అంతే.

ఇప్పుడు మన దగ్గరికి రండి. ఆరాధన అయిపోయింది, షామియానా కింద బంతులు వేశారు. వేదిక వెనక గదిలో దైవజనులకూ అతిథులకూ వేరే బల్ల, వేరే గిన్నెలు, మంచి ముక్కలు. అచ్చం ఆ తొమ్మిది మంది గదే. బయట మొదటి బంతిలో వడ్డించేవాడి చెయ్యి ధారాళం. మూడో బంతికి ముక్క తగ్గుతుంది, నాలుగో బంతికి పులుసే. నాలుగో బంతిలో ఎవరుంటారు? వండిన అమ్మలు, మైకు సర్దిన కుర్రాళ్లు, ఆదివారం కూడా ఇళ్లలో పని ముగించుకుని వచ్చిన ఆడవాళ్లు.

దిద్దుకోవడం పెద్ద కష్టం కాదు. వంద మందికి ఎముకతో కోడికూర 14 కిలోలు, బియ్యం 13, కందిపప్పు 3 వేసుకుంటే మధ్యస్తంగా సరిపోతుంది. పిల్లలు ఎక్కువుంటే కొంచెం తగ్గించవచ్చు. అసలు కిటుకు కొలతలో లేదు, పంపకంలో ఉంది. నాలుగు బంతులు అనుకుంటే మొదటి గరిటె పడకముందే కూరను నాలుగు గిన్నెలకు తోడి మూతలు పెట్టేయాలి. ముక్కలు, పులుసు సమంగా తోడాలి. ఒక బంతి గిన్నె అయిపోతే మరో బంతి గిన్నె ముట్టకూడదు. కొసరు ఉంటే అది చివర. వండినవాళ్లు రెండో బంతిలో కూర్చోవాలి, అప్పుడు వేరేవాళ్లు వడ్డించాలి. పాస్టరుగారు, సంఘ పెద్దలు కడబంతి. వీళ్లు నిజంగా కడబంతిలో కూర్చుంటే కూర ఎప్పుడూ తక్కువ పడదు. పరీక్షించి చూడండి.

మంచం పట్టినవాళ్ల వాటా మొదటి బంతి కంటే ముందే బయల్దేరాలి. రోములో క్రీ.శ. 155 ప్రాంతంలో జస్టిన్ అనే క్రైస్తవ బోధకుడు రాసిన విజ్ఞాపనలో, ప్రభువు బల్ల అయ్యాక రానివారికి పరిచారకులు రొట్టె, ద్రాక్షారసం పట్టుకెళ్లేవారని ఉంది. మనం మిగిలింది కట్టి పంపుతాం. వేసవిలో కోడికూర రెండు గంటలు బయట ఉంటే నమ్మలేం, మిగిలింది సాయంత్రం పంపడమంటే జబ్బు పంపినట్టే. చక్కెర వ్యాధి ఉన్నవారికీ మూత్రపిండాల జబ్బు ఉన్నవారికీ ఏది పనికొస్తుందో వాళ్ల ఇంట్లోవాళ్లను ముందురోజే అడగాలి. ఇద్దరు వెళ్లాలి, పది నిమిషాలైనా కూర్చోవాలి. డబ్బా గుమ్మంలో ఇచ్చి వచ్చేస్తే అది పార్సిలు మాత్రమే.

మనకొక సామెత ఉంది: వడ్డించేవాడు మనవాడైతే కడబంతిని కూర్చున్నా ఫర్వాలేదు. పక్షపాతాన్ని ఇంత నిజాయితీగా ఒప్పుకున్న సామెత ఇంకొకటి లేదు. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం దీన్ని అటుదిటు చేస్తుంది. యెరూషలేములో రోజువారీ పంపకంలో గ్రీకు మాట్లాడే విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని సణుగుడు పుట్టింది. అపొస్తలులు ఆ సణుగుడును అణచలేదు, ఓపిక పట్టండని ప్రసంగించలేదు. ఏడుగురిని ఎన్నుకోమన్నారు. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు: ఏడూ గ్రీకు పేర్లే. నష్టపోయిన వైపు వాళ్ల చేతికే గరిటె ఇచ్చారని చాలామంది వ్యాఖ్యాతలు చెప్పేది ఇందుకే. కడబంతి వాళ్లే వడ్డనకు దిగారన్నమాట. మన కమిటీల్లో దాతలు ఉంటారు, సాయం తీసుకునేవాళ్లు ఉండరు. సహాయ నిధి కమిటీలో అయిదుగురుంటే కనీసం ఇద్దరు ఎప్పుడో ఒకప్పుడు ఆ నిధి నుంచి తీసుకున్నవాళ్లు కావాలి. ఎవరికి ఏది సిగ్గు, ఎవరికి ఏది అవసరం అన్నది వాళ్లకు తెలిసినట్టు మిగతావాళ్లకు తెలియదు.

గుప్పెడు బియ్యం గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే మంచి పద్ధతి, చాలాచోట్ల నీరుగారిపోయింది. పొయ్యి మీద ఎసరు పెట్టేటప్పుడు, కొలిచిన బియ్యంలోంచి ఒక గుప్పెడు తీసి వేరే డబ్బాలో వేయడం. ఈశాన్యంలో మిజోరం రాష్ట్రపు సంఘాలు ఒక శతాబ్దానికి పైగా ఇలాగే చేస్తున్నాయి. గుప్పెడు సుమారు 45 గ్రాములు. రోజుకు ఒకసారి అయితే నెలకు కిలో మూడువందల యాభై గ్రాములు. అరవై ఇళ్లయితే దాదాపు 80 కిలోలు. ఎనిమిది ఇళ్లకు తలా పది కిలోలు ఇవ్వొచ్చు.

ఎక్కడ చెడుతుంది? మొదటిది, డబ్బా. మూత సరిగా లేకపోతే నెల తిరిగేసరికి పురుగు. తడిచేత్తో వేస్తే బూజు. పొడి చెయ్యి, బిగుతు మూత, పైన నాలుగు ఎండు వేపాకులు. నెలకొకసారి కాకుండా పదిహేను రోజులకొకసారి తేవడం మేలు. రెండోది, కలపడం. పాత బియ్యం, కొత్త బియ్యం, సన్నాలు, దొడ్డు అన్నీ ఒకే గోతంలో పోస్తే వండినప్పుడు ఒకటి ముద్ద, ఒకటి పలుకు. తీసుకున్నవాళ్లు బయటికి అనరు, కానీ ఆ అన్నం ప్రతి ముద్దకూ "ఇది అడుక్కున్న బియ్యం" అని చెబుతూనే ఉంటుంది. గుమ్మం దగ్గరే రెండు గోతాలు పెట్టి సన్నాలు ఒకదాంట్లో, దొడ్డు ఇంకోదాంట్లో వేయించాలి. మూడోది, అమ్మకం. కొన్ని చోట్ల పోగైన బియ్యం అమ్మి మందిరం ఖర్చుకు వాడతారు. అందులో రేషన్ బియ్యం కలిసి ఉంటే అమ్మడం నేరం. నేరం కాకపోయినా, ఆకలికని తీసిన గుప్పెడు సున్నానికీ రంగులకూ పోతే రెండో ఏడాదికి డబ్బాలు ఖాళీ అవుతాయి.

ఇంకోమాట. ఇప్పుడు రేషన్ కార్డు ఉన్న ఇంటికి చాలావరకు బియ్యం కొరత లేదు, పప్పు, నూనె, గ్యాసు, బీపీ మాత్రలు కొరత. కాబట్టి బియ్యం తీసేటప్పుడే రెండు రూపాయల చిల్లర ఇంకో డబ్బాలో వేయండి, ఆ గుప్పెడు ఖరీదు అంతే. అరవై ఇళ్లకు నెలకు మూడువేల ఆరువందలు. ఇద్దరు ముగ్గురి మందులకు చాలు. పంచేది మాత్రం మందిరం ముందు వరస కట్టించి, ఫొటో తీసి కాకూడదు. చీకటి పడ్డాక ఇంటికి తీసుకెళ్లాలి. ప్రకటన 7:16లో వారికి ఇకమీదట ఆకలి ఉండదని ఉంది. ఆ ఆకలి లేని చోట ఫొటోగ్రాఫరు కనబడడు.

అప్పు సంగతి. "మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము మా ఋణములు క్షమించుము." రోజూ అంటాం. ఋణం అంటే పాపమే అని తేల్చేసి, అసలు అర్థాన్ని పక్కకు తోస్తాం. నూటికి మూడు రూపాయల వడ్డీకి ఆసుపత్రి కోసం ఇరవై వేలు తెచ్చినవాడు నెలకు ఆరువందలు, ఏడాదికి ఏడువేల రెండువందలు వడ్డీకే కడతాడు, అసలు అలాగే ఉంటుంది. ఆ అప్పిచ్చినవాడు కూడా పక్క బెంచీలోనే కూర్చుని అదే ప్రార్థన చెబుతుంటే? ఉంటాడు, చాలా సంఘాల్లో ఉంటాడు.

నలభై ఇళ్లు నెలకు వంద వేస్తే ఏడాదికి 48 వేలు. వడ్డీ లేకుండా పదివేలకు మించకుండా, పది వాయిదాల్లో తీర్చేలా ఇవ్వచ్చు. వైద్యం, ఫీజులు, అంత్యక్రియలకు మాత్రమే. పెళ్లికి వద్దు, ఆ లోటు పూడదు. ఇక్కడ ముంచేది డబ్బు ఎగ్గొట్టడం కంటే సిగ్గు: రెండు వాయిదాలు తప్పినవాడు మందిరానికి రావడం మానేస్తాడు. సంఘం డబ్బు పోయి, మనిషీ పోతాడు. అందుకని నిధి మొదలుపెట్టిన రోజే రాసుకోవాలి: మూడు వాయిదాలు తప్పితే ఎవరు వెళ్లి మాట్లాడాలి (లెక్కలు చూసేవాళ్లు కాదు, పాస్టరుగారూ కాదు), ఎప్పుడు మాఫీ చేయాలి. ఏటా నిధిలో పదో వంతు మాఫీకని ముందే తీసిపెట్టుకుంటే ఆ క్షమాపణ ఎవరి దయా అనిపించదు. లెక్కలు ఇద్దరి చేతిలో ఉండాలి. యెరూషలేము పేదలకు చందా పట్టుకెళ్లేటప్పుడు పౌలు కూడా ఒంటరిగా మోయలేదు, సంఘాలు ఏర్పరచిన మనుషులను వెంటబెట్టుకున్నాడు (2 కొరింథీయులకు 8). ప్రతి నెలా మొత్తం అంకె చదవాలి, పేర్లు చదవకూడదు.

చివరగా సమాధుల తోట. ప్రకటన 7లో ప్రతి జనములోనుండియు, ప్రతి వంశములోనుండియు వచ్చిన గొప్ప సమూహం ఒక్కచోట నిలబడింది. 21లో పట్టణానికి పన్నెండు గుమ్మాలు, ఒక్కటీ మూయరు. మన పల్లెల్లో కొన్ని చోట్ల ఒకే సువార్త విన్నవాళ్లకు పేట పేటకూ వేరే మందిరం, తోటలో వేరే మూల. బతికున్నవాళ్లను కలిపి కూర్చోబెట్టడానికి తరాలు పట్టవచ్చు. తోటలో మాత్రం ఒక పుస్తకంతో మొదలుపెట్టవచ్చు. వరసలకు అంకెలు వేసి, చనిపోయిన తేదీ ప్రకారం పక్కపక్కనే తవ్వాలి. కుటుంబానికి చోటు ముందే ఆపుకోవడం ఉండకూడదు, కాంక్రీటు గోరీ కొలత అందరికీ ఒకటే, ఆరున్నర అడుగుల పొడవు, రెండున్నర వెడల్పు. గేటు తాళంచెవి కనీసం రెండు పేటల్లో ఉండాలి. అర్ధరాత్రి చావు జరిగితే తాళంచెవి కోసం ఎవరి గుమ్మం ముందూ నిలబడి బతిమాలే పరిస్థితి రాకూడదు.