చేబదులు తుపాకీ

"కొనే ముందు ఒక్కసారైనా లోడ్ చేసి చూశావా? సరే, అది సంచిలో పెట్టెయ్. ఇవాళ నాది వాడు."

డాలస్‌కు ఉత్తరాన ఒక షూటింగ్ రేంజిలో, ఆదివారం మూడు తుపాకుల మ్యాచ్ మొదలవబోతుండగా, స్క్వాడ్‌లోని (కలిసి కాల్చే జట్టు) ఒక పెద్దాయన కొత్తగా వచ్చినవాడితో అన్న మాటలివి. కొత్తవాడి షాట్‌గన్ తీసుకుని, తిరగేసి, తూటాలు తోసే కింది సందులో, అంటే లోడింగ్ పోర్ట్‌లో, బొటనవేలు దూర్చి చూశాడు. ఒక్క నిమిషం కూడా పట్టలేదు. తర్వాత తన బెనెల్లీ షాట్‌గన్ తెచ్చి, నడుముకు కట్టుకునే తూటాల బెల్టుతో సహా చేతిలో పెట్టాడు. అప్పటికింకా పేరు కూడా అడగలేదు.

టీమ్ లంచ్‌కు వెళ్తే ఎవరి బిల్లు వాళ్ళు సెంట్లతో సహా కట్టుకునే దేశం ఇది. అదే దేశంలో రేంజిలో ఎవరి తుపాకీ మొరాయించినా పక్కవాళ్ళు ముగ్గురు తమది తీసి అందిస్తారు. ఈ రెండూ ఒకే మనుషుల్లో ఎలా ఇముడుతాయో అర్థం చేసుకోవడానికి చాలా కాలం పడుతుంది. మన దగ్గర తుపాకీ అంటే ముందు లైసెన్సు పుస్తకం. ఎన్నికలొస్తే స్టేషన్లో అప్పగించి రశీదు తెచ్చుకోవాలి. దసరాకు బొట్టు పెట్టించుకుని మళ్ళీ బీరువాలోకి పోతుంది. తాతల నాటి జంటగొట్టాల పన్నెండు బోరును ఇంట్లో కొడుకే ముట్టుకోడు. అలాగని చేబదులు మనకు తెలియనిది కాదు. పెళ్ళికి గంగాళాలు, దుక్కికి ఎద్దులు, అర్ధరాత్రి ఆసుపత్రికి బండి, అన్నీ ఇచ్చిపుచ్చుకున్నవాళ్ళమే. ఆ విషయంలో మన ఊళ్ళు ఎవరికీ తీసిపోవు. ఇక్కడ ఇచ్చే వస్తువు వేరు, అంతే.

అందుకే ఆ చేయి చాచే ముందు మన తెలుగువాళ్ళు ఒక్క విషయం గట్టిగా తెలుసుకోవాలి. హెచ్-1బి, హెచ్-4, ఎల్-1, ఎఫ్-1 లాంటి నాన్ ఇమ్మిగ్రెంట్ వీసాల మీద వచ్చినవాళ్ళు తుపాకీ గానీ తూటా గానీ కలిగి ఉండటాన్ని ఇక్కడి ఫెడరల్ చట్టం నిషేధించింది. "కలిగి ఉండటం" అంటే కొనడం ఒక్కటే కాదు. రేంజిలో స్నేహితుడి తుపాకీని పది నిమిషాలు పట్టుకున్నా అందులోకే వస్తుంది. 2022లో ఈ నేరానికి గరిష్ఠ శిక్షను 10 ఏళ్ళ నుంచి 15 ఏళ్ళకు పెంచారు. మినహాయింపులున్నాయి. మనవాళ్ళు ఎక్కువగా వాడుకునేది, ఇక్కడి ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. టెక్సస్‌లో ఆ లైసెన్సు సంవత్సరం సెప్టెంబరు 1న మొదలై ఆగస్టు 31తో ముగుస్తుంది. జులైలో తీసుకున్న లైసెన్సు సెప్టెంబరు మ్యాచ్‌కు పనికిరాదు. భర్త లైసెన్సు భార్యకు చెల్లదు, ఎవరిది వాళ్ళు తీసుకోవాలి. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళకు ఈ నిషేధం లేదు. రాష్ట్రాల చట్టాలు వేరువేరుగా ఉంటాయి కాబట్టి మీ పరిస్థితి ఏదైనా ఇమ్మిగ్రేషన్ లాయరును ఒకసారి అడగండి. తుపాకీ ఇచ్చే పెద్దాయనకు ఇదంతా తెలియదు. ఆయన ప్రేమగానే ఇస్తాడు. నష్టపోయేది మనం.

ఇక అసలు విషయం, ఈ మ్యాచులకు షాట్‌గన్ ఎంచుకోవడం. ఈ ఆటలో ఒక్కో స్టేజిలో రైఫిల్, పిస్టల్, షాట్‌గన్ మార్చుకుంటూ పరుగెత్తి కాల్చాలి. మొత్తం గడియారం మీద నడుస్తుంది. రైఫిల్‌కు ముప్ఫై తూటాల మ్యాగజైన్ ఒక్క చేత్తో మారిపోతుంది. షాట్‌గన్‌కు ఆ వెసులుబాటు లేదు. బ్యారెల్ కింద ఉన్న ట్యూబులోకి తూటాలు చేత్తో తోయాలి. తుపాకుల రకాన్ని బట్టి పోటీని డివిజన్లుగా విడదీస్తారు. టాక్టికల్ డివిజన్‌లో చాలా మ్యాచుల నిబంధన ప్రకారం మొదట తొమ్మిది తూటాలకు మించి ఉండకూడదు. స్టేజిలో ఇరవై ఇనుప పలకలుంటే కనీసం పదకొండు తూటాలు గడియారం నడుస్తుండగానే నింపుకోవాలి. ఎక్కువమంది మ్యాచ్ పోగొట్టుకునేది అక్కడే. కాబట్టి ఈ తుపాకీని ఎంచుకోవలసింది బొటనవేలితో. పెద్దాయన చూసిందీ అదే.

కొత్తవాళ్ళు వీడియోలు చూసి కొనుక్కొచ్చేది సాధారణంగా ఇంటి రక్షణ కోసం చేసిన 18½ అంగుళాల పంప్ తుపాకీ, ప్రతి తూటాకూ ముందు పట్టును చేత్తో వెనక్కి లాగాల్సిన రకం. ట్యూబులో ఐదారు తూటాలే పడతాయి, పోర్ట్ ఇరుకు. పెద్ద తూటాల తుపాకులకు పెట్టిన హెవీ మెటల్ డివిజన్‌లో పంప్‌దే రాజ్యం గానీ, మొదటి ఏడాదిలో ఎవరూ ఆ దారిన పోరు. సైగా, వెప్ర్ లాంటి పెట్టె మ్యాగజైన్ తుపాకులకు, రెడ్ డాట్‌కు (ఎర్ర చుక్కతో గురి చూపే అద్దం) చోటు సాధారణంగా ఓపెన్ డివిజన్‌లోనే. అవి సరిగ్గా నడవాలంటే చేతి పని చాలా పెట్టాలి. సైగా దిగుమతి 2014లో, వెప్ర్ దిగుమతి 2017లో ఆంక్షల వల్ల ఆగిపోయాయి కూడా. మొదటి తుపాకీగా 12 గేజ్ (మన పన్నెండు బోరే), ట్యూబు ఉన్న సెమీ ఆటోమేటిక్, అంటే పేలిన ప్రతిసారీ తర్వాతి తూటా తనే ఎక్కించుకునేది, తీసుకోవడమే తెలివైన పని.

అందులో రెండు కులాలున్నాయి. బెనెల్లీ ఎం2, స్టోగర్ ఎం3కె ఇనర్షియా మీద నడుస్తాయి. తూటా పేలినప్పుడు తుపాకీ మొత్తం వెనక్కి జరుగుతుంది. బ్యారెల్‌ను వెనక నుంచి మూసే బోల్ట్ మాత్రం బరువు వల్ల ఒక్క క్షణం ఉన్నచోటే ఉండి, లోపలి గట్టి స్ప్రింగును నొక్కి, ఆ బలంతో వెనక్కి వెళ్తుంది. గ్యాసు లోపలికి రాదు కాబట్టి మసి తక్కువ, శుభ్రం చేసే పని తక్కువ. కానీ వెనక్కి తన్నే కదలికే దీని ఇంధనం. తుపాకీకి అదనపు బరువులు తగిలించి, భుజానికి సరిగ్గా ఆనించకుండా, 1 ఔన్సు గుళ్ళున్న తేలిక తూటా వేస్తే బోల్ట్ పూర్తిగా వెనక్కి పోక పేలిన తూటా డొల్ల ఇరుక్కుంటుంది. ఇంకో జబ్బు "క్లిక్". బోల్ట్‌ను మెల్లగా మూసినా, మూశాక తుపాకీ ఎక్కడైనా తగిలినా, బోల్ట్ తల పూర్తిగా తాళం పడదు. ట్రిగ్గర్ నొక్కితే టక్ మని మాత్రమే వినిపిస్తుంది. దానికి మందు ఒక్కటే. బోల్ట్‌ను చేత్తో సాగనంపకూడదు. స్ప్రింగు బలంతో ఠప్పున పడనివ్వాలి.

బెరెట్టా 1301 కాంపిటీషన్, మాస్‌బర్గ్ 940 జేఎం ప్రో గ్యాసు మీద నడుస్తాయి. తన్ను మెత్తగా ఉంటుంది, తేలిక తూటాలను బాగా జీర్ణం చేసుకుంటాయి. బదులుగా పిస్టన్‌ను, దాని చుట్టుపక్కల మసిని తీసే పని ఉంటుంది. 2020లో వచ్చిన 940 జేఎం ప్రోలో జేఎం అంటే పేరున్న షూటర్ జెర్రీ మిక్యులెక్. లోడింగ్ పోర్ట్‌ను ఫ్యాక్టరీలోనే వెడల్పు చేశారు, 24 అంగుళాల బ్యారెల్ కింద ట్యూబులో తొమ్మిది, ఛాంబర్‌లో ఒకటి పడతాయి. భుజానికి ఆనించే స్టాక్ పొడవును 13 అంగుళాల దాకా తగ్గించుకోవచ్చు. ఈ చివరి సంగతి మనవాళ్ళకు చాలా ముఖ్యం. ఇక్కడి స్టాకులు 14 అంగుళాలకు పైనే ఉంటాయి. ఐదున్నర అడుగుల మనిషికి అది పొడవెక్కువ. చెంప సరిగ్గా ఆనదు, లోడ్ చేసేటప్పుడు తుపాకీ బరువంతా ముందుకు లాగుతుంది. డబ్బు, పొడవు రెండూ చూసుకుంటే మొదటిసారి కొనేవాళ్ళకు నా ఓటు 940కే. బెనెల్లీ కొన్నాక దర్జీ పనికి ఇంకా ఖర్చు పెట్టాలి. టర్కీలో తయారయ్యే స్టోగర్ బెనెల్లీ ధరలో సగం కూడా ఉండదు. అయితే ఒక్కో తుపాకీ ఒక్కోలా ఉంటుంది. కొన్నాక పరీక్ష తప్పదు.

దర్జీ పని అంటే మూడు చోట్ల. పోర్ట్ అంచుల్ని ఏటవాలుగా కోసి, ముందువైపు పొడిగించాలి. రెండు తూటాలు ఒకదాని వెనక ఒకటి పట్టుకుని బొటనవేలితో తోస్తే ఎక్కడా తగలకుండా లోపలికి జారాలి. రెండోది లిఫ్టర్, ట్యూబు నుంచి వచ్చిన తూటాను పైకెత్తే పలక. ఎం2 లిఫ్టర్ కొస చీలి ఉంటుంది, ఆ చీలికలో బొటనవేలి గోరు ఇరుక్కుని రక్తం వస్తుంది. దాన్ని వెల్డింగ్‌తో పూడ్చి నున్నగా చేయిస్తారు. మూడోది ట్యూబు పొడిగింపు. 21 అంగుళాల బ్యారెల్ చివరిదాకా ట్యూబు వేస్తే సుమారు తొమ్మిది, 24కు ఇంకొకటి ఎక్కువ పడుతుంది. ట్యూబు పొడిగించినప్పుడు స్ప్రింగు కూడా పొడవుది వేయాలి. లేకపోతే చివరి రెండు తూటాలు లిఫ్టర్ మీదికి నీరసంగా వస్తాయి. విదేశంలో తయారైన సెమీ ఆటోమేటిక్‌ను ఇలా మార్చేటప్పుడు ఫెడరల్ చట్టంలోని 922(ఆర్) నిబంధన వర్తిస్తుంది. చట్టం చెప్పిన జాబితాలోని దిగుమతి భాగాలు పదికి మించకూడదు. అందుకే ట్యూబు, ఫాలోయర్ (ట్యూబులో తూటాలను తోసే బిళ్ళ), స్టాక్ లాంటివి అమెరికాలో తయారైనవి వేస్తారు. లెక్క కాగితం మీద రాసి పెట్టుకోండి.

తూటాల సంగతి. 2¾ అంగుళాలు అని పెట్టె మీద ఉండేది పేలిన తర్వాతి పొడవు. మూతి మడిచి ఉన్నప్పుడు అంతకంటే పొట్టిగా ఉంటుంది. కంపెనీ మారితే ఆ పొడవు కొంచెం మారుతుంది, ట్యూబులో పట్టే లెక్కా మారుతుంది. ఇంట్లో తొమ్మిది పట్టినవి మ్యాచ్‌లో ఎనిమిదే పడితే ప్లాన్ అంతా తప్పుతుంది. ఇనుప పలకలకు 7½ నంబరు సీసపు గుళ్ళు, 1⅛ ఔన్సు, సెకనుకు 1200 అడుగుల వేగం ఉన్నది చాలు. స్టీల్ గుళ్ళు తేవద్దు, చిట్లి వెనక్కి ఎగిరి వస్తాయి, మ్యాచుల్లో నిషేధం. దూరంలోని కాగితం టార్గెట్‌కు స్లగ్, అంటే గుళ్ళకు బదులు ఒకే పెద్ద గుండు ఉన్న తూటా, వాడతారు. దగ్గరి ఇనుప పలక మీద స్లగ్ పేలిస్తే ఇంటికి పంపేస్తారు, అది ప్రాణాపాయం. అందుకే స్లగ్‌లు బెల్టులో వేరే చోట, వేరే రంగువి, చేతికి తేడా తెలిసేలా పెట్టుకోవాలి.

చోక్ అంటే గుళ్ళు మరీ విరజిమ్మకుండా బ్యారెల్ మూతిని ఇరుకు చేసే గొట్టం. దాని విషయంలో ఎక్కువ ఆలోచించక్కర్లేదు. 15 గజాల లోపు పలకలకు ఇంప్రూవ్డ్ సిలిండర్, 25 దాటితే ఇంకాస్త ఇరుకైన మాడిఫైడ్. స్లగ్‌లకు ఇంప్రూవ్డ్ సిలిండరే మేలు, అన్నిటికంటే ఇరుకైన ఫుల్ చోక్ పెట్టి కాల్చకండి. రెండు చోకులతోనూ 15, 25, 35 గజాల దగ్గర పెద్ద కాగితం మీద కాల్చి గుళ్ళ పరుపు కళ్ళతో చూడండి. స్లగ్ ఎక్కడ పడుతుందో 50 గజాల దగ్గర చూసి పెట్టుకోండి. చాలా తుపాకుల్లో అది బ్యారెల్ కొసన ఉండే గురి పూస చూపించిన చోట పడదు.

కొత్త తుపాకీకి మొదటి వంద తూటాలూ కాస్త బలమైనవి వేయాలి, ఇనర్షియా రకానికి మరీ ముఖ్యంగా. తర్వాత మ్యాచ్‌కు వాడబోయే తూటాలతో ట్యూబు పూర్తిగా నింపి ఇంకో వంద. ఒక్కటి ఇరుక్కున్నా కారణం దొరికేదాకా ఆ తుపాకీతో మ్యాచ్‌కు రావద్దు. లోడింగ్ అలవాటుకు రేంజి అవసరం లేదు. మందు లేని, అంతే బరువున్న డమ్మీ తూటాలు అమ్ముతారు. అసలు తూటాలు ఆ గదిలో ఒక్కటి కూడా లేకుండా చూసుకుని, తుపాకీని తిరగేసి, స్టాక్‌ను భుజం మీద ఆనించి, బెల్టు నుంచి నాలుగు ఒకేసారి పట్టుకుని రెండేసి చొప్పున తోయాలి. ఆఫీసు నుంచి వచ్చాక రోజూ పావుగంట చాలు. మొదటి నెల సగం కింద పడతాయి. పడిన తూటా కోసం వంగకండి, బెల్టులో ఇంకోటి తీయడం అలవాటు చేసుకోండి. మంచి షూటర్లు నాలుగు తూటాలు రెండు సెకన్ల చుట్టుపక్కల నింపేస్తారు. ఒక్కొక్కటిగా నింపేవాళ్ళకు దానికి రెట్టింపు పడుతుంది.

ఇంకా కొనలేదా? మంచిదే. స్క్వాడ్‌లో నోరు తెరిచి అడగండి. ఫోన్ కొనాలంటే పదిమందిని, స్థలం కొనాలంటే ఊరందరినీ అడిగేవాళ్ళం, ఇక్కడికొచ్చాక యాస చూసి నవ్వుతారేమోనని మూగబోతాం. నవ్వరు. స్టేజి అయ్యాక నాలుగు రకాలు నాలుగు చేతులు అందిస్తాయి. ఎందుకిస్తారో నేను చాలాసార్లు ఆలోచించాను. మ్యాచ్ నడిపేవాళ్ళంతా జీతం లేకుండా నడిపేవాళ్ళే. పలకలు లేపడం, కాగితాలకు అతుకులు వేయడం అందరూ కలిసి చేస్తారు. అలాంటి చోట ఒకడు తుపాకీ లేక ఊరికే నిలబడటం వాళ్ళకు చూడబుద్ధి కాదేమో. మన కళ్ళంలో ఒకరి కుప్ప నూర్చడం ఆగిపోతే పక్క చేలవాళ్ళు వచ్చేవాళ్ళు. ఆ సంగతి తలచుకుంటే ఇదేమీ కొత్తగా అనిపించదు.

తిరిగిచ్చేటప్పుడు పద్ధతి ఉంది. బోల్ట్ తెరిచి, ట్యూబు ఖాళీ అయిందో లేదో వేలు పెట్టి చూసి, ఛాంబర్‌లో ఫ్లాగ్ (తుపాకీ ఖాళీ అని చూపే ప్లాస్టిక్ జెండా) దూర్చి, మూతి ఆకాశం వైపు పెట్టి అందించాలి. బెల్టులో వాడగా మిగిలినవి లెక్కపెట్టి చెప్పాలి. డబ్బు ఇవ్వబోతే తీసుకోరు, రెండోసారి బలవంతం చేస్తే నొచ్చుకుంటారు. వచ్చే మ్యాచ్‌కు ఆయన వాడే రకానివే ఒక పెట్టె, ఇరవై ఐదు తూటాలది, పట్టుకెళ్ళి ఆయన బండి డిక్కీలో పెట్టండి. దానికి మాత్రం కాదనరు.