పిల్లి ఉన్న తాత, కుక్కంటే పడని తాత

ఇక్కడ అమెరికాలో ఒకటో రెండో తరగతి పిల్లలు తమంతట తామే చదువుకోడానికి 'ఎర్లీ రీడర్స్' అని ఒక రకం పుస్తకాలుంటాయి. లైబ్రరీలో వాటి అరలు వేరు. పెద్ద అక్షరాలు, పేజీకి నాలుగైదు పొట్టి వాక్యాలు, వచ్చిన మాటే మళ్ళీ మళ్ళీ రావడం, పేజీ పేజీకీ బొమ్మ. 1957లో 'ద క్యాట్ ఇన్ ద హ్యాట్', 'లిటిల్ బేర్' వచ్చిన దగ్గర్నుంచీ ఈ తరహా పుస్తకాలు ఊపందుకున్నాయి. మా అమ్మాయి వాటిలోంచి ఏరుకొచ్చే హీరోల్లో ముసలాళ్ళు ఎక్కువ.

అందరికంటే ఇష్టుడు మిస్టర్ పటర్. సింథియా రైలాంట్ రాయగా ఆర్థర్ హోవార్డ్ బొమ్మలేసిన సిరీస్, 1994లో మొదలైంది. పటర్ గారు ఒంటరి మనిషి. పిల్లిని పెంచుకుందామని షాపుకి వెళ్తే అక్కడన్నీ పిల్లికూనలే. ఆ కూనల ఉరుకులు పరుగులు తన వల్ల కాదని దిక్కులేని జంతువులుండే షెల్టర్‌కి వెళ్ళి టాబీ అనే ముసలి పిల్లిని తెచ్చుకుంటాడు. ఆయన కీళ్ళూ కలుక్కుమంటాయి, దాని కీళ్ళూ కలుక్కుమంటాయి. ఆయన జుట్టు పల్చబడింది, దాని బొచ్చూ అంతే. పక్కింటావిడ టీబెరీ గారికి జీక్ అని ఒక కుక్క. ఇక చూసుకోండి.

పోయిన ఆగస్టులో అమ్మా నాన్నా తెనాలి నుంచి విజిటర్ వీసా మీద మా ఇంటికి, డల్లాస్ పక్కనున్న ఫ్రిస్కోకి వచ్చారు. స్కూలు బస్సు దిగి పాలు తాగాక సోఫాలో ఇద్దరి మధ్యా ఇరుక్కుని కూర్చుని పేజీ చదవడం, తనకొచ్చిన తెలుగులో అర్థం చెప్పడం అమ్మాయి డ్యూటీ అయిపోయింది. నేను వంటింట్లోంచి వినేదాన్ని.

అమ్మకి మొదటి పేజీలోనే కథ ఆగిపోయింది.

"పాపం, పిల్లల్లేరా ఆయనకి? ఉండీ చూడట్లేదా?"

"టాబీ ఉంది కదా, అమ్మమ్మా."

"అది పిల్లే!"

నాన్న సందేహాలు వేరే రకం. "సొంతిల్లేనా? పెన్షనెంతొస్తుందో రాశాడా?" రాయలేదు. పిల్లి టీ బల్ల దగ్గరికి చేరిన బొమ్మ చూసి అమ్మ మొహం అదోలా పెట్టింది. వీధిలోకి అడుగు పెట్టబోతూ పిల్లి ఎదురొస్తే వెనక్కొచ్చి కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరే మనిషి. పిల్లి పక్కన కూర్చుని టీ తాగే పెద్దాయన్ని ఆవిడ జీర్ణించుకోడానికి టైము పట్టింది. కానీ అసలు అనుమానం మూడో పుస్తకంలో బయటపడింది. "ఈ పక్కింటావిడ మాటిమాటికీ ఈయన్ని భోజనానికి పిలుస్తోందేమిటే? ఊళ్ళోవాళ్ళేం అనుకోరూ?" ఆ తర్వాత కాసేపాగి, "ఒక్కళ్ళొక్కళ్ళే ఉండే బదులు పెళ్ళి చేసుకోవచ్చుగా, కలిసొస్తుంది" అంది. అరవయ్యెనిమిదేళ్ళ మా అమ్మ నోట్లోంచి ఈ మాట వస్తుందని నేను కల్లో కూడా అనుకోలేదు.

ఏడేళ్ళ పిల్లకి డెబ్బయ్యేళ్ళ మనిషి ఎలా నచ్చాడా అని మొదట్లో వింతగా ఉండేది. ఆలోచిస్తే వింతేమీ లేదు. పిల్లల కథలో పిల్లలే హీరోలైతే వెనక ఒక అమ్మ, ఒక హోంవర్కు తప్పవు. ముసలాయనకి ఆఫీసు లేదు, వద్దనేవాళ్ళు లేరు. తోచింది చేస్తాడు, అది కాస్తా తిరగబడుతుంది, పిల్ల పగలబడి నవ్వుతుంది. పైగా ఆయన ఏ పనైనా నిదానంగా చేస్తాడు, ఇది కూడా కూడబలుక్కుని నిదానంగానే చదువుతుంది. ఇద్దరికీ జత కుదిరింది.

మన కథల్లో ముసలాళ్ళు లేరని కాదు. పేదరాశి పెద్దమ్మ లేని రాజకుమారుడి కథ ఉందా? వచ్చినవాడికి అన్నం వండి పెడుతుంది, రాజ్యం కబుర్లన్నీ చెబుతుంది, అతను రాకుమారిని పెళ్ళాడి వెళ్ళిపోతాడు. ఆ తర్వాత ఆవిడేం చేసిందో, సాయంత్రాలు ఆవిడకెలా గడిచేవో ఎవడూ చెప్పడు. ఆవిడకో పిల్లి ఉంటే బావుండేది. ఇప్పుడు కొంత మార్పొచ్చింది లెండి. 2015లో ప్రథమ్ బుక్స్ వాళ్ళు మొదలుపెట్టిన స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు బొమ్మల కథలు లెవెల్స్ వారీగా ఉచితంగా దొరుకుతాయి. అవి టాబ్లెట్‌లో అక్షరాలు పెద్దవి చేసుకుని అమ్మ కళ్ళజోడు లేకుండా చదివి పెట్టేది.

ఇక్కడి మన పిల్లలకి తాతయ్యంటే వీడియో కాల్‌లో కనిపించే సగం నుదురూ, వెనక సీలింగ్ ఫ్యానూ. "తిన్నావా? ఏం తిన్నావు?" అయిపోయింది. ఎదురుగా వచ్చి ఉన్నప్పుడు ఇంకా కష్టం. కారు నడపలేరు, మా సబ్‌డివిజన్లో, అంటే మా ఇళ్ళ కాలనీలో, నడిచి వెళ్ళడానికి ఒక కిళ్ళీ కొట్టు కూడా లేదు. గుడికైనా కొట్టుకైనా ఎవరో ఒకరు తీసుకెళ్ళే దాకా చొక్కా వేసుకుని సోఫాలో కూర్చోవాలి. పటర్ గారేమో తలుపు తీసుకుని తన పాటికి తను వెళ్తుంటాడు. ఒక రోజు అమ్మాయి అడిగేసింది: "తాతయ్యా, నువ్వు చిన్నప్పుడు కూడా ఎక్కడికీ వెళ్ళేవాడివి కాదా?"

నాన్నకి రోషమొచ్చింది. ఆయన కరెంటాఫీసులో చేశారు. సైకిలేసుకుని ఊళ్ళో ప్రతి గడపా తొక్కి మీటర్ రీడింగ్ తీసిన మనిషి. మీటర్ రీడర్‌కి ఊళ్ళో మనుషుల కంటే కుక్కలే ఎక్కువ పరిచయం. ఏ ఇంటి కుక్క మొరిగి ఊరుకుంటుందో, ఏది చప్పుడు చెయ్యకుండా వెనకనుంచి వస్తుందో ఆయన దగ్గర పూర్తి లెక్కుంది. బొమ్మలో జీక్‌ని వేలితో చూపించి, "ఇలాంటివాటికి తోక చూసి మోసపోకూడదు, చెవులు చూడాలి" అని పాఠం చెప్పారు. చెవులు వెనక్కి పెడితే సైకిల్ దిగి, మనకీ కుక్కకీ మధ్య సైకిల్ అడ్డం పెట్టుకోవాలట. అమ్మాయి నోరు తెరుచుకుని వింది. మర్నాడే కాగితాలు మడిచి, స్టేప్లర్ కొట్టి, పేజీకో వాక్యం చొప్పున పుస్తకం రాసేసింది.

"తాతయ్య సైకిల్ మీద వచ్చింది. కుక్క వచ్చాడు. తాతయ్య ఫాస్ట్‌గా వచ్చింది. కుక్క ఇంకా ఫాస్ట్‌గా వచ్చాడు."

తాతయ్యకి 'వచ్చారు' అనాలని చెబితే రబ్బరుతో చెరిపి దిద్దింది. కుక్కని మాత్రం దిద్దనంది, అది మగ కుక్కట.

చివరి పేజీలో తాతయ్య గోడ దూకేశారు, కుక్క ఓడిపోయింది. నాన్న ఆ పుస్తకాన్ని వచ్చినవాళ్ళందరికీ చూపించారు. ఒకసారి అలా చూపిస్తుంటే పక్కనే చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న అమ్మ తలెత్తకుండా, "గోడ సగం ఎక్కారు, అంతే. కుక్క పిక్క పట్టేసింది. బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు పొడిపించుకున్నారు" అంది.

నాన్న "అవన్నీ పిల్లకెందుకు ఇప్పుడు" అంటూ మేడ మీదకి వెళ్ళిపోయారు. ఆ రోజుల్లో కుక్క కరిస్తే పొట్టలోనే పొడిచేవారు, రోజుకొకటి. ఆ పాత మందు మన దేశంలో 2004లో ఆపేశారు. ఇదంతా అమ్మాయికి వివరించి నేనే చెడగొట్టుకున్నాననుకోండి, ఎందుకంటే వెంటనే పెన్సిల్ తీసింది.

"ఇంజెక్షన్ ఒకటి. తాతయ్య అమ్మా అన్నారు. ఇంజెక్షన్ రెండు. తాతయ్య అమ్మా అన్నారు."

ఇలా పద్నాలుగు పేజీలు, ప్రతి పేజీలో పొట్టా, బొడ్డూ. మా ఇంట్లో స్టేప్లర్ అంత లావు పుస్తకానికి దిగట్లేదు.