ఈసీలో కనిపించని బాకీ

ముప్ఫై ఒక్క సంవత్సరాలు బ్యాంకులో పనిచేసి, అందులో సగానికి పైగా స్థిరాస్తి తనఖా కాగితాలు చూస్తూ గడిపినవాణ్ణి కావడం వల్ల, మా బంధువుల్లో ఎవరు మదరాసులో ఇల్లు కొనబోయినా కాగితాల సంచీ ముందుగా మా ఇంటికే వస్తుంది. గత ఏడాది చివరలో మా మేనకోడలు, ఆమె భర్త తిరువొత్తియూరులో కట్టబోయే ఫ్లాటుకు అడ్వాన్సు ఇచ్చి, ఆ తర్వాత సంచీ తెచ్చారు. "లాయరు అంతా సరిగ్గా ఉందన్నాడు మామయ్యా, మీరు ఒక్కసారి చూస్తే మనసుకు నెమ్మది" అంది. నిజమే, కాగితాలు సరిగ్గానే ఉన్నాయి. ముప్ఫై ఏళ్ల ఈసీలో, అంటే ఆస్తి మీద నమోదైన క్రయాలు, తనఖాలు చూపే, ఇక్కడివాళ్లు విల్లంగం అని పిలిచే కాగితంలో, రెండు క్రయాలు, ఒక తనఖా, ఆ తనఖా తీరినట్టు రసీదు, అంతే.

అక్కడితో ఆపి ఉంటే ఈ సంగతి రాయవలసిన అవసరం రాకపోయేది. తీరిపోయిన తనఖాను ఎవరూ తిరగేయరు. నాకు మాత్రం పాత అలవాటు కొద్దీ ఆ తనఖా దస్తావేజు సర్టిఫైడ్ నకలు తెప్పించి చూడాలనిపించింది. స్థలం షెడ్యూలు తర్వాత యంత్రాల షెడ్యూలు ఉంది. క్రోమ్ ప్లేటింగ్ తొట్లు మూడు, రెక్టిఫయర్లు రెండు, ఆమ్లంలో ఇనుము కడిగే తొట్టి ఒకటి, పాలిషింగ్ మోటార్లు నాలుగు. వాడేసిన నీటిని శుద్ధి చేసే యంత్రమేదీ ఆ జాబితాలో లేదు. ఇటువంటి జాబితాల మీద నేనూ నా ఉద్యోగకాలంలో ఎన్నో సంతకాలు పెట్టాను. తొట్టి విలువ ఎంత, తరుగుదల ఎంత, ఇన్స్యూరెన్సు ఉందా అని అడిగాను గాని, తొట్టి ఖాళీ చేసిన రోజున ఆ నీళ్లు ఎక్కడికి పోతాయని ఒక్కసారి కూడా అడగలేదు. అడగాలని ఏ నిబంధనా చెప్పలేదు, నాకూ తోచలేదు.

ఆ షెడ్డు మూతపడి చాలా కాలమైంది. గోడలు కూల్చారు, నేల చదును చేశారు, మట్టి తోలి ప్లాను మంజూరు చేయించుకున్నారు. ఆ స్థలానికి వెనుక సందులోనే మా పిన్ని ఇల్లు. తాతల కాలంలో నెల్లూరు జిల్లా నుంచి మిల్లు పనికి వచ్చి ఉత్తర మదరాసులో నిలిచిపోయిన కుటుంబాల్లో మాదొకటి. పిన్ని వాళ్లకు తాగడానికి, వంటకు మెట్రోవాటరు వస్తుంది. స్నానానికి, బట్టలకు, గిన్నెలకు బోరు నీళ్లే. ఆ నీళ్లు కొంచెం పసుపు రంగులో ఉంటాయని ఆమె ఎన్నోసార్లు అన్నది. మేమందరం ఇనుము అనుకున్నాం. మదరాసులో బోరు నీళ్లలో ఇనుముండడం వింతేమీ కాదు గదా.

తేడా కనిపెట్టడం ఇంత తేలికని నాకు అప్పటిదాకా తెలియదు. ఇనుమున్న నీళ్లు బోరులోంచి వచ్చేటప్పుడు దాదాపు తేటగానే ఉంటాయి. గాలి తగిలాక ఎర్రబడి, రాత్రికి అడుగున తుప్పు మడ్డి దిగుతుంది. పిన్ని ఇంట్లో తెల్ల ప్లాస్టిక్ బకెట్టులో నీళ్లు పట్టి పెట్టాను. పట్టినప్పుడే లేత నిమ్మపండు రంగు. మరునాడు పొద్దున చూసినా అదే రంగు, అడుగున మడ్డి లేదు. క్రోమ్ ప్లేటింగ్ తొట్లలో వాడే ఆరు విలువల (హెక్సావలెంట్) క్రోమియం ఉన్న నీళ్ల తీరు ఇది. అయితే రంగు కనిపించలేదు గనుక క్రోమియం లేదనుకోవడం పొరపాటు. కంటికి తెలిసే మోతాదు కన్నా చాలా తక్కువలోనే పరిమితి దాటిపోతుంది. తాగునీటికి భారతీయ ప్రమాణం, ఐఎస్ 10500, మొత్తం క్రోమియానికి పెట్టిన హద్దు లీటరుకు 0.05 మిల్లీగ్రాములు.

ఎన్‌ఏబీఎల్ అనే జాతీయ సంస్థ గుర్తింపు ఉన్న ప్రయోగశాలకు నమూనా పంపాము. ఇంటి నీళ్ల పరీక్ష అని అడిగితే ఉప్పు, గట్టిదనం, సూక్ష్మజీవులు చూసి కాగితం ఇస్తారు. లోహాల పేర్లు చెప్పి అడగాలి. మొత్తం క్రోమియం, ఆరు విలువల క్రోమియం విడివిడిగా అడగాలి. మొదటిదానికి సీసాలో నైట్రిక్ ఆమ్లం చుక్కలు వేసి ఇస్తారు. రెండవదానికి ఆమ్లం వేయకుండా, ఐసులో పెట్టి, ఇరవై నాలుగు గంటల లోపల పరీక్షకు అందించాలి. సీసా మీద తేదీ, సమయం, బోరు లోతు రాసి, ప్రయోగశాల మనిషి చేతనే నమూనా పట్టించడం మంచిది. రేపు కాగితం చూపించవలసి వస్తే మనం పట్టిన నీళ్లకు విలువ తగ్గుతుంది. మా ఫలితం ఆ 0.05 హద్దుకు చాలా పైన వచ్చింది.

క్రోమియం అన్నంత మాత్రాన భయపడనక్కరలేదు. కుళాయి మీద మెరిసే పూత లోహం, దానితో ఇబ్బంది లేదు. మూడు విలువల రూపం మట్టిని పట్టుకుని కదలకుండా ఉంటుంది, దాని హాని తక్కువ. ఆరు విలువల రూపమే నీళ్లలో కరిగి, మట్టికి అంటుకోకుండా, భూగర్భజలం ఎటు పోతే అటు పోతుంది. ఉత్తర మదరాసు తీరం ఇసుక నేల, నీళ్లు పైపైనే ఉంటాయి. షెడ్డు గోడ దగ్గర ఆగవలసిన పని దానికి లేదు. దీన్ని పీల్చిన కార్మికులకు ఊపిరితిత్తుల క్యాన్సర్ వస్తుందని నిర్ధారించి, అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దీన్ని మొదటి వర్గంలో, అంటే మనుషులకు క్యాన్సర్ తెస్తాయని రుజువైనవాటిలో, చేర్చింది. ప్లేటింగ్ తొట్ల దగ్గర పనిచేసినవారికి ముక్కులోని మధ్యగోడకు చిల్లు పడడం, చర్మం మీద మానని పుండ్లు రావడం వైద్యులు చాలా కాలంగా ఎరిగినవే. తాగినప్పుడు కడుపులోని ఆమ్లం కొంత భాగాన్ని మూడు విలువల రూపానికి మార్చేస్తుంది గాని, 2008లో వెలువడిన అమెరికా ప్రభుత్వ పరిశోధనలో ఈ నీళ్లు తాగించిన ఎలుకలకు నోటిలోనూ, చిట్టెలుకలకు చిన్నప్రేగులోనూ కణితులు వచ్చాయి. కాచి తాగితే పోతుందనే నమ్మకం తప్పు; నీరు ఆవిరై క్రోమియం మిగులుతుంది. ఆర్వో యంత్రం చాలావరకు పట్టుకుంటుంది, కాని అది వదిలే నీళ్లలో అదే మరింత చిక్కబడుతుంది. పొదుపు కోసం ఆ నీళ్లతోనే ఇల్లు తుడిచేవాళ్లు మనలో తక్కువేమీ కాదు.

పిన్ని చేతుల మీద దురద ఏళ్లుగా ఉంది. అది ఈ నీళ్ల వల్లనేనా అంటే డాక్టరు ఔననలేదు, కాదనలేదు. ఆయన పద్ధతి సరైనదే. మూత్రంలో క్రోమియం పరీక్ష ఇటీవలి రోజుల సంగతే చెబుతుంది, ఇరవై ఏళ్ల లెక్క చెప్పదు. కాబట్టి ఒక మనిషి జబ్బుకు ఒక షెడ్డును కారణంగా రుజువు చేయడం మహా కష్టం. నీళ్లు చెడిపోయాయని రుజువు చేయడం తేలిక. ఈ తేడా గుర్తించకుండా, ముందు జబ్బు పట్టుకుని పోరాడబోయి అలసిపోయినవాళ్లను చూశాను.

ఇది ఒక్క క్రోమియం కథే కాదు. పాత బ్యాటరీలు కరిగించిన చోట నేల పైపొరలో సీసం కూర్చుంటుంది, మట్టిలో ఆడి చేతులు నోట్లో పెట్టుకునే పిల్లలకు అది ముప్పు. కొడైకెనాల్‌లో థర్మామీటర్ల కర్మాగారం 2001లో మూతపడితే, అక్కడి పాదరసానికి గురైన 591 మంది మాజీ కార్మికులకు కంపెనీతో ఒప్పందం కుదిరింది 2016లో. మదరాసుకు నూరు కిలోమీటర్లు దాటగానే రాణిపేట. అక్కడ తమిళనాడు క్రోమేట్స్ అండ్ కెమికల్స్ వారి కర్మాగారం 1990ల మధ్యలో మూతపడింది. లక్షన్నర టన్నులకు తక్కువ కాని క్రోమియం వ్యర్థం పాలారు నది పరివాహకంలో మిగిలింది. కర్మాగారం మూతపడితే కాలుష్యం ఆగిందని ఊరివాళ్లు సంతోషిస్తారు. నిజానికి ఆ రోజు నుంచే జవాబు చెప్పవలసిన మనిషి కనిపించకుండా పోతాడు.

చట్టం లేదనలేము. రాజస్థాన్‌లోని బిచ్చడి గ్రామంలో రసాయన కర్మాగారాల వల్ల బావులన్నీ చెడిపోయిన కేసులో, బాగుచేసే ఖర్చు పాడుచేసినవాడిదేనని సుప్రీంకోర్టు 1996లో తేల్చింది. అదే ఏడాది ఆగస్టులో పాలారు తోళ్ల కర్మాగారాల కేసులోనూ, అంటే మన వేలూరు కేసులోనూ, ఆ సూత్రాన్నే దేశ చట్టంలో భాగమన్నది. బిచ్చడి వాళ్ల నుంచి 37 కోట్ల పైచిలుకు సొమ్మును చక్రవడ్డీతో కట్టమని మళ్లీ ఆదేశించవలసి వచ్చింది 2011లో. పదిహేనేళ్లు. వడ్డీ లెక్క కట్టినవాణ్ణి గనుక అంటున్నాను, ఆలస్యమే అక్కడ అసలు లాభం.

మనకు దగ్గరలో చేపాక్ కలస్ మహల్‌లోనే జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ ధర్మాసనం ఉంది. 2010 చట్టం ప్రకారం, 14వ సెక్షను కింద వివాదం తీర్చమని అడగడానికి ఆరు నెలలు, 15వ సెక్షను కింద పరిహారం గాని, స్థలాన్ని పూర్వస్థితికి తెమ్మని గాని అడగడానికి ఐదేళ్లు గడువు. తగిన కారణం చూపితే రెండింటికీ మరో అరవై రోజులు. గడువు ఎప్పటి నుంచి మొదలైందనే దాని మీదే మొదటి వాదన జరుగుతుంది కాబట్టి, పరీక్ష నివేదికను అలమారలో పెట్టి మరిచిపోకూడదు. పరిహారం అడగని అర్జీకి రుసుము వెయ్యి రూపాయలు.

2025 జూలైలో కలుషిత స్థలాల నిర్వహణకు కేంద్రం ప్రత్యేక నియమాలు తెచ్చింది. వాటి ప్రకారం జిల్లా యంత్రాంగం, స్థానిక సంస్థలు తమ పరిధిలోని అనుమానిత స్థలాల వివరాలు ఆరు నెలలకొకసారి పంపాలి, సమాచారం అందాక రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి 90 రోజుల్లో ప్రాథమిక పరిశీలన జరిపించాలి, కారకుడిని గుర్తించాలి, అతడు కట్టలేని స్థితిలో ఉంటే ఖర్చు ప్రభుత్వాలు చూడాలి. అప్పటికి దేశంలో గుర్తించిన కలుషిత స్థలాలు 103, బాగుచేసే పని మొదలైనవి 7. గనులు, చెత్త దిబ్బలు వేరే చట్టాల కిందకు వస్తాయని మినహాయించారు. ఉత్తర మదరాసులోని కొడుంగైయూరు చెత్త దిబ్బ పొగ పీల్చేవాళ్లకు ఇది పెద్ద ఊరటేమీ కాదు.

మేనకోడలి విషయం తొందరగానే తేలింది. ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షను ప్రకారం, కొనేవాడు మామూలు జాగ్రత్తతో కనుక్కోలేని ముఖ్యమైన లోపం తనకు తెలిసి ఉంటే అమ్మేవాడు చెప్పి తీరాలి, చెప్పకపోతే అది మోసం కింద లెక్క. తనఖా షెడ్యూలు నకలు, నీటి నివేదిక జతచేసి ఉత్తరం రాశాము. బిల్డరు మొదట నవ్వాడు, తర్వాత నెలన్నరకు కొంత కోసుకుని అడ్వాన్సు తిరిగి ఇచ్చాడు. పోరాడమన్నాను గాని, రెండేళ్ల పిల్లను చంకనేసుకుని ఆఫీసుల చుట్టూ తిరగలేనంది, నేను బలవంతపెట్టలేదు.

పిన్ని వాళ్లకు వెళ్లిపోయే దారి లేదు. సందులోని పదకొండు ఇళ్లవాళ్ల చేత సంతకాలు పెట్టించి, కలెక్టరుకు, కాలుష్య నియంత్రణ మండలికి అర్జీ ఇచ్చి, రసీదు తెచ్చుకున్నాము. ఆ స్థలంలో ఏయే అనుమతులు ఏయే సంవత్సరాల్లో ఇచ్చారో సమాచార హక్కు కింద పది రూపాయల దరఖాస్తుతో అడిగాము. బోరు కుళాయికి పిన్ని ఎర్ర గుడ్డ కట్టింది. బట్టలకు కూడా ఇప్పుడు లారీ నీళ్లే.

నివేదిక ఒక ప్రతిని పిన్ని ఇంటి దస్తావేజుల సంచీలో, ఈసీ పైన పెట్టాను. అది చూసి పిన్ని కొడుకు, "రేపు మేము ఈ ఇల్లు అమ్ముకోవలసి వస్తే ఈ కాగితం చూపించాలా అన్నయ్యా?" అని అడిగాడు. 55వ సెక్షను అమ్మేవాళ్లందరికీ ఒకటేనని, చూపించాలని చెప్పాను. అతను సంచీ జిప్పు వేసి, బీరువాలో పెట్టి, తాళం చెవి వాళ్ల అమ్మకు ఇచ్చాడు.