క్లయింటు ఆఫీసులో అక్కరకొచ్చే నేర్పు

రాజాం, టెక్కలి, విజయనగరం కాలేజీల్లో ఇంజనీరింగు చదివి షికాగో చేరుకునే మా వైపు పిల్లలు ఫోనులో ముందుగా అడిగేది ఒక్కటే: “ఏటి నేర్చుకోవాలన్నయ్యా? ఏ సాఫ్ట్‌వేరుకి గిరాకీ ఉంది?” సాఫ్ట్‌వేరు రాకపోతే ఉద్యోగమే దొరకదు గనుక ఆ ప్రశ్న సమంజసమైనదే. అయితే పని అప్పగించిన కంపెనీ, అంటే క్లయింటు, ఆఫీసులో అడుగుపెట్టాక, ఆ పని చేసిపెట్టడానికి వెళ్లిన కన్సల్టెంటును నిలబెట్టేది వేరే ఉంది. అవతలివారు చెప్పినదాన్నీ ఇచ్చినదాన్నీ సరిచూసుకుని, రాతలో పెట్టి, వారిచేత ఔననిపించుకునే అలవాటు అది.

ముందు డేటా సంగతి. పాత సిస్టమ్ నుంచి క్లయింటు తీసి ఇచ్చే ఫైలు శుభ్రంగా ఉండడం అరుదు. బోస్టన్‌లోని 02108 వంటి జిప్ కోడ్లు (మన పిన్ కోడ్ల వంటివి) ఉన్న సీఎస్‌వీ ఫైలును, అంటే విలువలను కామాలతో విడదీసి రాసిన ఫైలును, నేరుగా ఎక్సెల్‌లో తెరిస్తే ముందున్న సున్నా ఎగిరిపోయి 2108 మిగులుతుంది. పదిహేను అంకెలు దాటిన ఖాతా నంబర్లలో ఆ పైన ఉన్న అంకెలన్నీ సున్నాలైపోతాయి. 03/04 అని రాసి ఉంటే అమెరికావారికి అది మార్చి 4, విశాఖపట్నంలో కూర్చుని అదే ఫైలు చూసే మన సహోద్యోగికి ఏప్రిల్ 3. 2020లో ఇంగ్లండులో దాదాపు 16 వేల కోవిడ్ కేసులు సకాలంలో లెక్కకు ఎక్కకపోవడానికి, పాత ఎక్సెల్ ఫార్మాట్‌లో ఒక షీటుకు 65,536 వరుసలకు మించి పట్టకపోవడమే కారణం. అందువల్ల ఫైలును ఎక్సెల్‌లోనే ఉండే పవర్ క్వెరీ అనే సాధనం ద్వారా తెచ్చుకుని, కోడ్లూ ఖాతా నంబర్లూ ఉన్న కాలమ్‌లను టెక్స్ట్‌గా నిర్ణయించి, వరుసల సంఖ్యనూ మొత్తాలనూ పాత సిస్టమ్ రిపోర్టుతో సరిపోల్చి, ఆ పోలికను క్లయింటుకు పంపి, వారి ఆమోదం వచ్చాకే తరువాతి పనికి వెళ్లాలి. పొందూరులో ఖద్దరు నూలు వడికే ఆడవాళ్లు ముందుగా వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి శుభ్రం చేస్తారు. ఆ ఓపిక లేకుండా అంత సన్నని నూలు రాదు. డేటా పనికీ అంతటి ఓపిక కావాలి.

మా పిల్లలకు ఇంతకంటే కష్టమైనది మాట విషయం. పెద్దవాళ్లు ఏదైనా చెప్పినప్పుడు కాదనకూడదన్న పెంపకం మనది, అది మంచి పెంపకమే. కానీ మీటింగు ముగిసి బయటికి నడుస్తున్నప్పుడు క్లయింటు మేనేజరు “ఈ రిపోర్టు కూడా చేర్చగలరా?” అని అడిగితే మర్యాదకు తలూపామా, ఆయన దాన్ని మాట ఇచ్చినట్టుగానే తీసుకుంటాడు. ఒప్పందపత్రంలో లేని ఆ పనికి డబ్బూ ఉండదు, గడువూ పెరగదు, శని ఆదివారాలు కరిగిపోతాయి. “చూసి రేపటికల్లా చెబుతాను” అనడం అమర్యాద కానే కాదు. ఆ సాయంత్రమే అడిగినదేమిటో, దానికి ఎన్ని గంటలు పడుతుందో, దానివల్ల ఏ తేదీ వెనక్కి జరుగుతుందో మెయిల్‌లో రాసి, చేంజ్ రిక్వెస్టుగా, అంటే ఒప్పందంలో మార్పు కోరే అభ్యర్థనగా, నమోదు చేయాలి. నేను చూసినంతవరకు మంచి క్లయింట్లు ఇందుకు నొచ్చుకోరు. వచ్చే ప్రాజెక్టుకు అలా రాసిన మనిషినే పేరు పెట్టి అడుగుతారు.

మీటింగ్ మినిట్స్ కూడా అంతే. ఏం నిర్ణయించారు, ఎవరు చేస్తారు, ఎప్పటికి చేస్తారు అన్న మూడూ ఉంటే చాలు, అదే రోజు వెళ్లాలి. వేళల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. షికాగోకూ మన ఊళ్లకూ తేడా చలికాలంలో పదకొండున్నర గంటలు, మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా పదిన్నర గంటలు. యూరప్‌లో గడియారాలు మార్చి చివరి ఆదివారం గాని మారవు గనుక, మూడు చోట్ల వాళ్లు కలిసే మీటింగులకు ఆ మధ్య వారాల్లో వేళలను మళ్లీ రాసి పంపాలి.

ఈ అలవాటు మన సొంత కాగితాల దగ్గర మరీ ముఖ్యం. హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవారిని కొత్త క్లయింటు కోసం వేరే నగర ప్రాంతానికి మార్చితే, అమెరికా వలస శాఖ అప్పీళ్ల కార్యాలయం నుంచి 2015లో వచ్చిన నిర్ణయం ప్రకారం, స్వల్పకాలపు మినహాయింపులు పోను, యజమాని ముందుగా ఆ శాఖ దగ్గర సవరణ పిటిషను దాఖలు చేయాలి. “ముందు వెళ్లిపోండి, కాగితాలు తరువాత చూసుకుందాం” అని మేనేజరు ఎంత ఆప్యాయంగా చెప్పినా, దాఖలైనట్టు రసీదు ప్రతిని తెప్పించుకుని దాచుకున్నాకే కొత్త చోట పనిలో చేరాలని ఫోను చేసే ప్రతి తమ్ముడికీ చెల్లికీ చెబుతున్నాను.