ఎర్రర్ నాణెమా, దెబ్బ తిన్నదా: ఈ నెల తేలినవి

కిరాణా కొట్టు చిల్లరలోంచి, చుట్టాల ఇళ్లలోని డబ్బాల్లోంచి వింతగా కనిపించిన నాణేలన్నీ ఏరి పెట్టుకున్నా. ఈ నెల వాటి సంగతి తేలుస్తున్నా: తయారీలోనే తప్పు జరిగినవి (ఎర్రర్ నాణేలు) ఏవి, బయటికొచ్చాక దెబ్బ తిన్నవి ఏవి. సామాను పెద్దగా ఏమీ లేదు: పది రెట్లు పెద్దగా చూపే లూప్ (చిన్న భూతద్దం), 0.01 గ్రాము దాకా తూచే కాటా, ఓ చిన్న టార్చి. ప్రతిదాని దగ్గరా చూసేది ఒకటే: మింటు (నాణేలు కొట్టే టంకశాల) మిషన్లో ఇలా జరిగే వీలుందా?

బాగా ఊరించింది అంచున నెలవంకలా ముక్క పోయిన స్టీలు రూపాయి. 25 మి.మీ. పాత సైజుది, 4.85 గ్రాములు తూగాలి, 4.5కు కాస్త పైన ఆగింది. బరువొక్కటే రుజువు కాదు, ఆకురాయితో అరగదీసినా తగ్గుతుంది. చూడాల్సింది కోతకు సరిగ్గా ఎదుటి అంచు. ముద్ర కొట్టేముందు ఖాళీ బిళ్ళను రెండు పక్కలా నొక్కుతూ దొర్లించి గట్టు లేపుతారు. ఒక పక్క ముక్క లేకపోతే ఎదుటి పక్కకూ ఒత్తిడి అందదు, అక్కడ గట్టు సరిగా లేవదు. బ్లేక్స్‌లీ ఎఫెక్ట్ అనేది దీన్నే. నా రూపాయికి అక్కడ గట్టు దాదాపు లేదు. కోత దగ్గరి అక్షరాలు కూడా టక్కున తెగకుండా అంచువైపు సాగి ఉన్నాయి. పాసైంది. ఈ గుర్తు కనిపించనంత మాత్రాన నకిలీ అని తేల్చేయకూడదు, కనిపిస్తే మాత్రం ధైర్యం వస్తుంది.

పది రూపాయలది చూడగానే తేలిపోయింది. మధ్య బిళ్ళ తిరిగి సింహాలు ఒరిగాయి, చుట్టూ రింగు మీది అక్షరాలు మాత్రం తమ చోటే ఉన్నాయి. రింగుకూ మధ్య బిళ్ళకూ ఒక్కో వైపు ముద్ర ఒకే డైతో (ముద్ర కొట్టే అచ్చుతో), ఒకే దెబ్బకు పడుతుంది. ఒకటి తిరిగి రెండోది తిరగకపోవడం అక్కడ కుదరని పని. ఎవరో ఊడగొట్టి మళ్లీ బిగించారు. ఇలాంటివాటికి ఆన్‌లైన్లో పెట్టే రేట్లు చూస్తే నవ్వొస్తుంది.

పాత మందపు ఐదు రూపాయల నాణెం మీద అక్షరాలు తిరగబడి, లోపలికి దిగి ఉన్నాయి. లఖీ అని చెప్పి ఇచ్చారు. అసలు లఖీలో, ముందు కొట్టిన నాణెం డైకి అతుక్కుపోయి తర్వాతి బిళ్ళకు దాని అచ్చు తిరగబడి పడుతుంది. రెండోవైపు ముద్ర మామూలుగానే నిండుగా ఉంటుంది. దీనికి మామూలు బొమ్మ మీదే అక్కడక్కడా తిరగబడ్డ ముక్కలున్నాయి, వెనకవైపు ఎత్తులన్నీ అణిగిపోయాయి. రెండు నాణేలు కలిపి బెంచి వైస్‌లో బిగించిన పని.

సంవత్సరం కింద నక్షత్రం ఉన్న రెండు రూపాయల నాణెం మీద సన్నటి గీత. టార్చి ఏటవాలుగా వేస్తే ఉబ్బుగా తేలింది. డై పగిలితే ఆ సందులోకి లోహం ఎక్కి గీత ఉబ్బుతుంది, గీసుకుపోతే గాడి పడుతుంది. నిజమైనదే, కానీ విలువ చిన్నది. నక్షత్రం ఉంటే లక్షలొస్తాయనే వీడియోలు వదిలేయండి, అది హైదరాబాద్ మింటు గుర్తు, అంతే.

ఇంకా డై రొటేషన్ (ఒకవైపు ముద్రతో పోలిస్తే రెండోవైపు ముద్ర పక్కకు తిరిగి పడటం) అనుకుంటున్నవి మిగిలాయి. కోణమానిని మీద పెట్టి ఫోటోలు తీయాలి. 15 డిగ్రీలు కూడా తిరగనివి చిల్లరలోకే పోతాయి.