పడవ అడుగున ఉన్నోళ్ళు

పోయిన ఆదివారం పీలేరు పోయింటే మా పిన్నమ్మ కొడుకు ఫోన్ చూపించినాడు. ఎవురో ఏజెంట్ వాట్సాప్‌లో పెట్టినాడు, ఇటలీలో పని అంట, ముందు దుబాయ్, ఆడ్నించి లిబియా, ఆడ్నించి ఒక్క రాత్రి పడవలో అంట. మా పక్క కువైట్ పోయినోళ్ళు లేని ఇల్లే తక్కువ, వాడికి ఇదీ అట్లాంటిదే అనిపించింది. నాకు లిబియా అని చదవంగానే గుండె ఝల్లుమనింది.

2023 జూన్‌లో గ్రీస్‌లో పైలోస్ అనే ఊరికి దూరంగా మునిగిన పడవ సంగతి చెప్పినా. లిబియాలో బయల్దేరిన పాత చేపల పడవ, 750 మంది దాకా ఎక్కినారంటారు, పాకిస్తానోళ్ళు, సిరియావాళ్ళు, ఈజిప్టోళ్ళు. ముందురోజే విమానంలోంచి చూసినారు, అయినా మునిగిపోయింది. బతికింది 104 మంది, అందరూ మొగోళ్ళే, ఆడోళ్ళూ పిలకాయలూ అడుగున ఉన్నారంట, ఒక్కరూ పైకి రాలేదు. దొరికిన శవాలు 82. మిగతా ఇళ్ళల్లో కర్మ చేసుకునేదానికి కూడా ఏమీ లేదు.

వాడేమో "వాళ్ళది యుద్ధం అక్కా, మనం పనికి పోతాం, మనకేమి" అన్నాడు. జాతి, మతం, రాజకీయం మీద వేధిస్తారని భయపడి దేశం వదిలి పారిపోయినోడు శరణార్థి, 1951 శరణార్థుల ఒప్పందం ప్రకారం వాడ్ని ప్రాణం పోయే చోటికి తిరిగి పంపకూడదు, పనికి పోయినోడికి అది వర్తించదు, నిజమే. కానీ లిబియాలో గోడౌన్‌లో పెట్టి కొట్టి, ఇంటికి ఫోన్ చేయించి డబ్బులు గుంజేటప్పుడు నువ్వు ఏ రకం అని ఎవురు అడగతారు? 2019 జులైలో లిబియా రాజధాని త్రిపోలి దగ్గర తాజూరాలో వలసోళ్ళని బంధించిన చోట బాంబు పడి 50 మందికి పైగా పోయినారు. సముద్రంలో లిబియా కోస్ట్ గార్డ్ పట్టుకుంటే మళ్ళీ ఆ నరకానికే తీస్కపోతారు, ఆ కోస్ట్ గార్డ్‌కి ట్రైనింగూ డబ్బూ ఇచ్చేది యూరపే.

ఎవురు పొమ్మన్నారు వాళ్ళని అని మనోళ్ళు తేలిగ్గా అనేస్తారు, నాకు ఆ మాట వింటే ఒళ్ళు మండుతుంది. ఆశ్రయం అడగాలంటే ముందు యూరప్ గడ్డ మీద కాలు పెట్టాల, కాలు పెట్టేదానికి వీసా ఇయ్యరు, ఇంక చంటిబిడ్డని ఎత్తుకోని పడవ ఎక్కక ఏం చేస్తారు చెప్పండి? వాళ్ళకి విమానంలో వచ్చే దారి ఒకటి తెరిస్తే ఈ ఏజెంట్ల దగ్గరికి ఎవురు పోతారు?

మావాడు అప్పటికే ఆ ఏజెంట్‌కి పాస్‌పోర్ట్ ఇచ్చేసినాడంట. రేపు ఫస్ట్ బస్సుకి తిరుపతి వస్తాడు, ఇద్దరం పోయి ముందు అది చేతికి తెచ్చుకోవాల.