కుయ్ అన్నందుకు ఇంటికి

నవంబరులో ఇంగ్లండ్‌లోని ఏ47 హైవే మీద పొద్దున్నే బయల్దేరితే రోడ్డు ఖాళీగా ఉంటుందని ఎవరైనా చెబితే నమ్మకండి. పీటర్‌బరోలో చీకటితోనే కారెక్కాం. గైహర్న్ రౌండబౌట్ దాటామో లేదో ముందు ఒక చక్కెర దుంపల లారీ, దాని ముందు ట్రాక్టరు. కింగ్స్ లిన్ దాకా దాటిపోయే సందే దొరకలేదు. మా తణుకు వైపు చెరకు ట్రాక్టరు వెనక ఇరుక్కుంటే కనీసం ఒక గడ లాక్కుని నమలొచ్చు. బురద దుంపని ఏం చేసుకుంటాం? పైగా లారీ కుదిపినప్పుడల్లా ఒకటో రెండో రోడ్డు మీద పడి దొర్లుతున్నాయి. కారు నడుపుతున్న మా ఆఫీసు స్నేహితురాలు మాత్రం తొణక్కుండా పక్కకి తిప్పుతూ, "వెనక్కి వచ్చేటప్పుడు ఇంకా ఎక్కువుంటాయి" అంది.

ఈ ప్రయాణానికి మూలం మా ఆడపడుచు వాళ్ళ బ్రూనో. కొండాపూర్‌లో పదో అంతస్తులో ఉంటాడు. నల్ల లాబ్రడార్. పెరుగన్నంలో మీగడ లేకపోతే మూతి తిప్పుకుంటాడు, ఏసీ ఆపితే గుర్రుమంటాడు, దీపావళి మూడు రోజులూ మంచం కిందనుంచి రాడు. ఫోన్లో వాడి ఫొటో చూపిస్తే మా స్నేహితురాలు పడీ పడీ నవ్వింది. తుపాకీ పక్కన కూర్చోవడానికని తీర్చిదిద్దిన జాతి కుక్క టపాకాయకి భయపడి మంచం కింద దూరడమా అని. వాళ్ళాయన శీతాకాలమంతా వేటల్లో పడిన పిట్టల్ని తన కుక్కలతో ఏరించే పని చేస్తాడు. అలా పిట్టల్ని తెచ్చే రిట్రీవర్ కుక్కలకి పెట్టే పోటీ, ఫీల్డ్ ట్రయల్ ఒకటి ఉంది, చూడ్డానికి వస్తావా అన్నాడు. ట్రయల్ అంటే అడ్డంకులు దూకడం, రింగుల్లోంచి దూరడం లాంటివి ఉంటాయనుకుని సరేనన్నాను.

నార్‌ఫోక్ జిల్లాలో స్వాఫమ్ దాటాక ఎక్కడికి వెళ్ళామో రాయను. ఎస్టేటు సొంత భూమి, పిలిస్తే వెళ్ళినదాన్ని. పెద్ద పొలం కొట్టం ముందు కార్లన్నీ ఆగి ఉన్నాయి. జనమంతా బురద రంగూ పాచి రంగూ బట్టల్లోనే. పక్కన ఒక బండిలో బన్నులో బేకన్ పెట్టి ఆరు పౌండ్లకి అమ్ముతున్నారు. టీ విడిగా కొనుక్కోవాలి. నా డబ్బాలో నిమ్మకాయ పులిహోర ఉంది కాబట్టి నేను ఆ వైపు చూడలేదు.

ముందుగా నా కళ్ళు వెళ్ళింది కుక్కల నడుముల మీదికి. అన్నీ లాబ్రడార్లే, ఒక్క గోల్డెన్ రిట్రీవర్ తప్ప. ఒక్కదానికీ బ్రూనో పొట్ట లేదు. సన్నగా, పొడుగు కాళ్ళతో, పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉన్నాయి. అందాల పోటీలకి పెంచే వరస వేరు, పనికి పెంచే వరస వేరట. రెండూ ఒకే జాతి పేరు మీద చాలాకాలంగా విడివిడిగా నడుస్తున్నాయి. అసలు వీటి పూర్వీకులు కెనడాలో న్యూఫౌండ్‌లాండ్ జాలర్ల పడవల్లో వలలు, చేపలు లాగిన కుక్కలు. ఓడల్లో ఇంగ్లండ్ చేరితే ఇక్కడి ప్రభువులు వాటిని వేటకి మళ్ళించారు. ఇక్కడ కుక్క జాతుల్ని నమోదు చేసే కెన్నెల్ క్లబ్ లాబ్రడార్‌ని జాతిగా గుర్తించింది 1903లో. గోల్డెన్‌ది స్కాట్లండ్. ట్వీడ్‌మౌత్ ప్రభువు గిసాకన్‌లో 1868లో పుట్టించిన పిల్లలతో మొదలైంది. ఇదంతా మా స్నేహితురాలి భర్త బూట్లు తొడుక్కుంటూ చెప్పాడు. వినేవాళ్ళు దొరికితే ఆయన ఆపడు.

ఆ రోజుది నోవీస్ పోటీ, అంటే ఇంకా పెద్ద బహుమతులు కొట్టని కుక్కలకి. పన్నెండు కుక్కలు, వాటిని నడిపించే పన్నెండుగురు హ్యాండ్లర్లు, ఒక్కొక్కరి చేతికి నంబరు పట్టీ. చూడ్డానికి వచ్చినవాళ్ళం ఎర్ర జెండా పట్టుకున్నాయన వెనకే నడవాలి, ఆయన ఆగితే ఆగాలి, ఫోన్లు మూసెయ్యాలి. సినిమా హాల్లో కూడా ఇంత గట్టిగా చెప్పరు.

తర్వాత దుంప చేలోకి దిగాం. తుపాకీలవాళ్ళు, జడ్జీలు, కుక్కలతో హ్యాండ్లర్లు, చచ్చిన పిట్టల్ని మోసేవాళ్ళు, అందరూ అడ్డంగా ఒకే వరసలో చేను ఈ అంచు నుంచి ఆ అంచుకి నెమ్మదిగా నడుస్తారు. దుంప ఆకులు మోకాళ్ళ దాకా, ప్రతి ఆకు దొప్పలోనూ రాత్రి వాన. పరీక్షలో ఉన్న కుక్కకి మెడపట్టీ ఉండదు, తాడూ ఉండదు. యజమాని ఎడమ కాలి పక్కన నడవాలి, అంతే. ఎక్కడో ఆకుల్లోంచి ఫెజెంట్ కోడి రెక్కలు టపటపలాడించుకుంటూ లేస్తుంది, తుపాకీ పేలుతుంది, పిట్ట పడుతుంది, వరస ఆగిపోతుంది. కుక్క కూర్చుంటుంది. పిట్ట పడ్డ చోటు వైపు చూస్తూ, కదలకుండా. జడ్జి ఒక నంబరు పిలుస్తాడు. అప్పుడు ఆ ఒక్క కుక్కే వెళ్ళాలి. మిగతావి చూస్తూ కూర్చోవాలి.

చాలాసేపు జరిగింది ఇదే. నడవడం, ఆగడం, నిలబడడం. నార్త్ సీ నుంచి గాలి చెవుల్లోకి దూరుతోంది. కుక్క పరిగెత్తి పిట్టను తెచ్చేది ఒక నిమిషమో రెండు నిమిషాలో. తక్కిన సమయమంతా ఏమీ చెయ్యకపోవడమే పరీక్ష. పక్క కుక్కకి పిలుపొస్తే తాను లేవకపోవడం. కాళ్ళ ముందునుంచి కుందేలు పరిగెత్తినా చూసీ చూడనట్టు ఉండడం. మొదటి గంటలో నాకు విసుగు పుట్టింది, దాచుకోను. సంక్రాంతికి భీమవరం వైపు బరుల దగ్గర మైకులూ కేకలూ పందేలూ చూసి పెరిగినదాన్ని, ఇంతమంది చుట్టూ ఉండి ఒక్కరూ నోరు మెదపని పోటీ ఎప్పుడూ చూడలేదు.

ఒక పిట్టను జడ్జి చేతికి ఇస్తుంటే చూసే వీలు దొరికింది. ఆయన దాన్ని అరచేతిలో వెల్లకిలా పెట్టుకున్నాడు. రెండో చేతి బొటనవేలూ చూపుడువేలూ రెక్కల కిందికి పోనిచ్చి, రెండు పక్కల ఎముకల్నీ మెల్లగా తడిమాడు. కళ్ళు మాత్రం ఎటో చూస్తున్నాయి, నాడి పట్టుకున్న ఆచారిగారిలాగా. ఎముకలు గుండ్రంగా నిలబడి ఉంటే సరే. ఒక పక్క నలిగి లోపలికి పోయి ఉంటే కుక్క కొరికిందని అర్థం. హార్డ్ మౌత్ అంటారు. ఆ కుక్క పోటీ అక్కడితో ఆఖరు. తీసేసే ముందు మాత్రం ఆ పిట్టను హ్యాండ్లర్ చేతికి కూడా ఇచ్చి తడిమి చూసుకోమంటారు. ఆ రోజు ఎవరికీ ఆ అవసరం రాలేదు.

పదకొండు దాటాక, మాకు కాస్త ఎడంగా, నల్ల ఆడకుక్కతో ఒక పెద్దావిడ వంతు. డెబ్బై ఏళ్ళు ఉంటాయి. అప్పటికే రెండు పిట్టల్ని తెప్పించింది, రెండూ చక్కగా. మూడోసారి పిట్ట పడింది, జడ్జి పక్క కుక్క నంబరు పిలిచాడు. అది వెళ్ళింది. ఈవిడ కుక్క కూర్చునే ఉంది. చెవులు ముందుకి, తోక కొస ఆకుల్లో వణుకుతోంది. ఇంతలో కుయ్ మంది. ఒక్కసారి. ఆకలేసిన కూన అంతకన్నా గట్టిగా అరుస్తుంది. నాకైతే గాలిలో వినిపించిందో లేదో తెలియనట్టే ఉంది. జడ్జి తల తిప్పాడు, దగ్గరికొచ్చి టోపీ ఎత్తి ఏదో అన్నాడు. ఆవిడ జేబులోంచి తాడు తీసి కుక్క మెడకి తగిలించి, మా వెనక వరసలోకి నడిచొచ్చింది.

నాకు ఒళ్ళు మండింది. ఈ పోటీల్లో చోటు దొరకడమే లాటరీ. చోట్లకన్నా దరఖాస్తులు ఎక్కువొస్తే చీట్లు తీస్తారు. ఆవిడ వేల్స్ సరిహద్దు నుంచి ముందు రోజే వచ్చి ఇక్కడ గది తీసుకుని పడుకుందట. దానికయ్యే ఖర్చు నేను చెప్పక్కర్లేదు. అంతా కలిపి ఒక కుయ్‌కి సరి. ఇదేం న్యాయం అన్నాను. ఆవిడే నాకు సర్దిచెప్పింది. అరిచే కుక్క పక్కనుంటే వేటలో ముందున్న పిట్టలన్నీ లేచిపోతాయి. పైగా ఆ గుణం పిల్లలకి పోతుందని ఇక్కడివాళ్ళ నమ్మకం. ట్రయల్ అసలు పెట్టిందే రేపు ఏ కుక్క పిల్లలు కావాలో తేల్చుకోవడానికి. "పోయిన సీజన్లో కూడా టెస్ ఇలాగే చేసింది" అని నవ్వింది. కుక్క మాత్రం ఇంకా ఆ పిట్ట పడ్డ వైపే చూస్తోంది.

మధ్యాహ్నం కార్ల దగ్గర నిలబడే తిండి. ఆవిడ నా పులిహోర రెండు చెంచాలు తిని, ఆవాలు ఏమిటని అడిగింది. మీ ఊళ్ళో వేట ఉండేదా అని కూడా అడిగింది. మా నాన్న చెప్పే కొల్లేటి కబుర్లు చెప్పాను. ఆకివీడు దగ్గర మా తాతగారి ఊళ్ళో, 1972లో వన్యప్రాణి చట్టం రాకముందు, చలికాలం రాగానే లైసెన్సు తుపాకులున్న పెద్దలు దోనెల్లో పరజ పిట్టల వేటకి వెళ్ళేవారు. కొట్టిన పరజ తూటు గడ్డిలోనో కిక్కిస పొదల్లోనో పడితే పాలేరు కుర్రాడు పీకల్లోతు నీళ్ళలోకి దూకి తేవాలి. ఒళ్ళంతా జలగలు. షికారుకెళ్ళిన పెద్దల పేర్లు మా నాన్న ఇప్పటికీ గడగడా చెబుతారు. నీళ్ళలో దిగినవాడి పేరడిగితే ఆలోచనలో పడతారు.

"ఆ అబ్బాయికి ఏమిచ్చేవారు?" అందావిడ.

పావలా అయ్యుంటుందన్నాను.

"టెస్‌కి అదీ లేదు" అని, పులిహోరలో వేరుశనగ గింజ ఏరి దాని నోట్లో వేసింది.

మధ్యాహ్నం తర్వాత పోటీకి ఊపొచ్చింది. ఒక పుంజు దెబ్బతిని కంచె అవతల పడింది. చావలేదు, పరిగెత్తింది. దీన్ని రన్నర్ అంటారు. దాని అడుగుల వాసన పట్టుకుని వెతకాలి కాబట్టి కుక్కకి అసలు పరీక్ష ఇదే. మొదటి కుక్కని పంపారు. కంచె అవతల దాని తోక కనబడుతోంది, మాయమవుతోంది. హ్యాండ్లర్ ఈల, చేతి సైగ, మళ్ళీ ఈల. కాసేపటికి జడ్జి, వెనక్కి పిలవండి అన్నాడు. రెండో కుక్క వెళ్ళింది. అది తెస్తే మొదటిదాని కళ్ళు తుడిచినట్టట, అంటే మొదటిది ఓడినట్టు. ఐ-వైప్ అంటారు. తేలేదు. మూడోది, నాలుగోది కూడా ఉత్త నోళ్ళతోనే వచ్చాయి. అప్పుడు జడ్జీలే కంచె దాటి వెళ్ళారు. వాళ్ళలో ఒకాయన మురుక్కాలవలో వంగి, పుంజుని కాళ్ళు పట్టుకుని పైకెత్తాడు. కుక్కలు తేలేనిది జడ్జికే దొరికింది కాబట్టి ఒక్కసారిగా నాలుగు కుక్కలూ ఇంటికి. మా వెనక వరసలో ఎవరో గట్టిగా ఊపిరి వదిలారు. ఆ రోజు మొత్తం మీద జనంలోంచి వచ్చిన పెద్ద చప్పుడు అదే.

గాయపడ్డ పిట్ట పొదల్లో పడి రాత్రంతా బాధపడకుండా చూసేది ఈ కుక్కలేనని మా స్నేహితురాలి భర్త అన్నాడు. నిజమే. అసలు కాల్చకపోతే వెతికే పనే ఉండదు కదా అన్నాను. ఈ దేశంలో ఏటా కోట్ల ఫెజెంట్లని పెంచి వదిలేదే కాల్చడానికి. ఆయన నవ్వాడు గానీ జవాబివ్వలేదు.

మూడున్నరకే వెలుతురు పలచబడింది. ఇక్కడికి కాస్త దూరంలోనే రాజుగారి శాండ్రింగమ్. ఆ ఎస్టేటులో గడియారాలన్నీ అరగంట ముందుకి తిప్పి పెట్టేవారట, వేటకి పగటి వెలుతురు కలిసొస్తుందని. 1936లో ఎనిమిదో ఎడ్వర్డ్ వచ్చాక ఆపించాడు. రాజుగారైతే గడియారం తిప్పుకోవచ్చు. మాకు మాత్రం ఆఖరి రెండు కుక్కల పోటీ మసక చీకట్లోనే అయింది. గెలిచింది పసుపు రంగు మగ కుక్క. దాని యజమాని లారీ డ్రైవరు. కప్పు అందుకుని, ఎస్టేటు వాళ్ళకీ తుపాకీలవాళ్ళకీ థాంక్స్ చెప్పి, మొత్తం రెండు వాక్యాల్లో ప్రసంగం ముగించాడు. ఇకనుంచి పై మెట్టు పోటీల్లో, ఓపెన్ అంటారు, చోటడిగే అర్హత వచ్చిందట. అంటే మళ్ళీ చీట్లే.

బయల్దేరుతుంటే చేతిలో ఒక జత ఫెజెంట్లు పెట్టారు. పుంజూ పెట్టా, మెడలు కట్టేసి ఉన్నాయి. వద్దంటే బాగోదు. తిరుగు దారిలో నిజంగానే దుంపల లారీలు ఇంకా ఎక్కువున్నాయి, కారంతా ఈకల వాసన. ఇంటికొచ్చేసరికి తొమ్మిది. ఈకలు పీకడం చేతకాదు, యూట్యూబ్ చూసి తోలుతో సహా ఒలిచేశాను. మాంసం ఎండిపోయే రకం, కొవ్వు లేదు. గోంగూరలో వేసి సన్న సెగ మీద చాలాసేపు ఉడికించాను. మా ఆయన రెండో ముద్దలో టక్కున ఆగిపోయారు. నోట్లోంచి సీసం పూస ఒకటి తీసి కంచం అంచున పెట్టారు.

"ఇదేమిటి?"

"కుక్క పెట్టింది కాదండీ, తుపాకీది."

పన్ను కొస విరిగింది. ఎన్‌హెచ్‌ఎస్, అంటే ఇక్కడి సర్కారు వైద్యం, డెంటిస్టు దగ్గర చేర్చుకోమని అడిగితే కొత్తవాళ్ళని తీసుకోవట్లేదన్నారు. ప్రైవేటులో చెప్పిన ధరకి నార్‌ఫోక్‌లో నెల రోజులు బేకన్ బన్నులు తినొచ్చు.